కొండ చుట్టూ, ఒక ముక్క తక్కువ

పని మీద విశాఖపట్నం వెళ్తున్నానని చెబితే చాలు, ప్రతివాళ్ళూ సలహాలు మొదలుపెడతారు. బీచ్‌లో ఒడ్డుకెక్కించిన జలాంతర్గామి చూడమంటారు, కైలాసగిరి మీద రోప్‌వే ఎక్కమంటారు, రుషికొండ దగ్గర అలల్లో కాళ్ళు తడపమంటారు, ఇంకో రోజు మిగిలితే అరకు రైలెక్కమంటారు. నేను వెళ్ళి వచ్చాను. వీటిలో ఒక్కటీ చూడలేదు. నేను చూసింది ఒకే ఒక్క కొండ. అదీ ఎక్కలేదు, చుట్టూ తిరిగాను. పూర్తిగా తిరిగావా అని అడిగితే, ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు నా వ్యాపారం ఏమిటో చెప్పాలి. గుంటూరు శివార్లలో ఒక రేకుల షెడ్డులో నేనూ, మా తోడికోడలు రాజ్యమూ కలిసి ఆడవాళ్ళకు సేఫ్టీ బూట్లు కుట్టిస్తాం. వేళ్ళ మీదికి ఇనుప మూత ఉండే బూట్లన్నమాట. పైన గడ్డపార పడ్డా వేలు నలగదు. గోదాముల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళకు చాలాచోట్ల మగవాళ్ళ బూట్లే ఇస్తారు. వాళ్ళు వాటిలో గుడ్డపీలికలు కుక్కుకుని ఈడ్చుకుంటూ నడుస్తారు, లేదంటే గేటు దాటగానే విప్పి ఓ మూల పడేస్తారు. అది చూసి మాకు ఈ ఆలోచన వచ్చింది. ఆలోచన బ్రహ్మాండంగా ఉందని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకున్నవాళ్ళంతా కొంటే ఈపాటికి మేడ కట్టేవాళ్ళం. ఆషాఢం వచ్చేసరికి చేతిలో ఒక్క ఆర్డరూ మిగల్లేదు. కుట్టేవాళ్ళు ఎనిమిది మంది ఖాళీ మిషన్ల ముందు కూర్చుని ఊరి కబుర్లన్నీ కుట్టేశారు. విశాఖ ఆర్డరు రాకపోతే శ్రావణంలో షెడ్డుకు తాళం వెయ్యాలని నాకూ తెలుసు, రాజ్యానికీ తెలుసు. రైలెక్కించడానికి వచ్చినప్పుడు, "ఉత్త చేతుల్తో మాత్రం రామాక అక్కా" అంది.

గాజువాక

స్టేషన్ నుంచి బస్సులో గాజువాక వెళ్ళి, అక్కడ షేర్ ఆటో ఎక్కాను. ముగ్గురు కూర్చునే సీటులో మేము ఐదుగురం. డ్రైవరుకు రెండు పక్కలా ఇంకో ఇద్దరు వేలాడారు. నా ఒళ్ళో బూట్ల సంచి, సంచి మీద ఎవరిదో బీరకాయల బుట్ట. దిగేటప్పుడు బుట్టామె "బేగి దిగమ్మా" అంటూ నన్నే తొందరపెట్టింది.

నేను కలవాల్సింది ముత్యాలమ్మ గారిని. యాభై దాటిన మనిషి. చుట్టుపక్కల గోదాములకు ఆడకూలీలను పంపే మేస్త్రీ. ఒకప్పుడు తనూ ఊరు నుంచి కూలికొచ్చిన మనిషే, ఇప్పుడు ఆవిడ మాట మీద అరవై మంది పనికి వెళ్తారు. సిమెంటు దుకాణం పైనున్న గదిలో ఆఫీసు. గోడ మీద సింహాద్రి అప్పన్న పటం, దాని కింద కుర్చీ, కుర్చీలో ఆవిడ. దేవుడి పటం కంటే ఆవిడ కుంకుమబొట్టే పెద్దది.

నేను సంచి విప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ముందు తిండి సుగుణమ్మా. యాపారం ఎక్కడికెల్లిపోద్ది?"

మర్నాడు పూజ ఉందని ఆరోజు చేపల్లేవు. వంకాయ ఆవ పెట్టిన కూర, గుమ్మడికాయ పులుసు. పులుసు నోట్లో పెట్టుకున్నాక పాయసమేమోనని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. బెల్లం అంత ధారాళంగా పడింది. నేను మొహమాటపడుతూనే కాస్త కారప్పొడి అడిగాను. ముత్యాలమ్మ గారు ముద్ద ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

"ఏటమ్మా, మీ గుంటూరోళ్ళకి నోట్లో నిప్పెట్టుకుంటే గాని ముద్ద దిగదేటి?"

"మీకు బెల్లం లేకపోతే దిగదు కదండీ" అన్నాను. ఆవిడ నవ్వింది. బేరానికి మంచి శకునమే అనుకున్నాను.

వడ్డించిన మనిషి పేరు పైడమ్మ. ముత్యాలమ్మ గారి కూలీల్లో ఆవిడే పెద్ద. వంగినప్పుడు కాలు చూశాను. బొటనవేలు చదునుగా, గోరు లేకుండా ఉంది.

"కిందటేడు ఇనపముక్క పడిపోనాది" అంది పైడమ్మ, కూర ఎక్కువైందని చెప్పినంత తేలిగ్గా. "ఆళ్ళు ఇచ్చిన బూట్లు మగోలివి. నా కాలు అందులో ఈత కొడతాది. ఇప్పీసి గోడ పక్కనెట్టినాను. ఆ పూటే పడ్డాది."

ముత్యాలమ్మ గారు తల దించుకుని పులుసు కలుపుకుంది. నవ్వు ఎక్కడికో పోయింది. అది అప్పుడు నాకు అర్థం కాలేదు.

చేతులు కడుక్కున్నాక బూటు చేతిలోకి తీసుకుని, ఇనుప మూతను వేలితో కొట్టి చూసి, కిందపెట్టేసింది. తొడిగి చూడమన్నాను.

"ఉప్పుడు కాదు. బూట్లమ్మే పతోడూ పొద్దుట్నే వత్తాడు. పొద్దుట కాళ్ళు అబద్దాలాడతాయమ్మా. పని దిగినాక సాయంత్రం కాళ్ళే నిజం సెప్తాయి. రేపు ఆషాడ పున్నం, అప్పన్న కొండ సుట్టూ నడుత్తాం. నువ్వూ రా. నడక అయిపోనాక, వాసిపోయిన నా కాలికి, మా వోలందరి ముందూ తొడుగు. దిగిందా, ఆర్డరు నీది. నేదంటే మంచి సీర ఎట్టి రైలెక్కించీత్తాను."

"ఎంత దూరమండీ?"

"ఎంతో నేదు. ముప్పై రెండు కిలోమీటర్లు."

"చెప్పులు వేసుకోవచ్చా?"

గదిలో ఉన్న ఆడవాళ్ళంతా ఒక్కసారి నవ్వారు. తాను ఒకటి తలిస్తే దైవం ఒకటి తలుస్తుందంటారు. నా విషయంలో దైవం కాస్త ఎక్కువే తలిచింది. బూట్లమ్ముకోవడానికి బయల్దేరిన నేను, ఊరూవాడా చెప్పులు విప్పేసే రోజు చూసుకుని మరీ దిగాను.

తొలిపావంచా

సింహాచలం కొండ కింద మెట్లు మొదలయ్యే చోటును తొలిపావంచా అంటారు. ప్రదక్షిణ చేసేవాళ్ళు అక్కడ కొబ్బరికాయ కొట్టి నడక మొదలుపెడతారు. మేము తెల్లవారకముందే వెళ్ళాం. ముత్యాలమ్మ గారు, పైడమ్మ, ఇంకో ఇరవై మంది దాకా ఆడవాళ్ళు, నేను. కొబ్బరినీళ్ళతో నేలంతా జారుడుబండ అయిపోయింది. మొదటి అడుగులోనే ఒక చిప్పముక్క నా అరికాలిని పలకరించింది.

నా చెప్పులూ, శాంపిల్ సంచీ ఎర్రయ్య ఆటోలో పెట్టాను. ఎర్రయ్య పైడమ్మ భర్త. నడక అయ్యాక సంచి ఇక్కడికే తెస్తానన్నాడు. చెప్పులు ఇచ్చేస్తుంటే కన్నబిడ్డను హాస్టల్లో వదిలినట్టు అనిపించింది.

మా వైపు కొండ తిరునాళ్ళంటే ప్రభలు కట్టాలి, మైకులు పెట్టాలి, ఎవరి ప్రభ ఎత్తో తేల్చుకోవడానికి నాలుగు మాటలు అనుకోవాలి. ఇక్కడ పోటీయే లేదు. లక్షాధికారి, కూలిమనిషి, కాలేజీ పిల్ల, పెళ్ళికొడుకు, అందరూ ఒకే రోడ్డు మీద ఒట్టికాళ్ళతో "గోవిందా" అంటూ పోతున్నారు. కుడిపక్క కొండ మబ్బుల్లో సగం దాక్కుని ఉంది. వాన పడి తెరిపిచ్చిన గాలిలో ఎక్కడినుంచో సంపెంగల వాసన వచ్చింది. నాకు నిజంగా భక్తి కలిగింది. అయితే నా చూపు మాత్రం కొండ మీద నిలవలేదు. వృత్తి అలాంటిది. జనం గుడిగోపురం వైపు చూస్తుంటే నేను మడమలు చూసుకుంటూ నడిచాను.

ముడసర్లోవ దారి

అడవివరం దాటాక తిండి దాడి మొదలైంది. ఇంకో మాట దొరకలేదు. పదడుగులకొక షామియానా. పులిహోర, మజ్జిగ, అరటిపళ్ళు, బిస్కట్లు, చోడి అంబలి. చోళ్ళంటే మన రాగులే. మా ఇంట్లో భోజనానికి వచ్చినవాళ్ళు వద్దంటే రెండుసార్లు బతిమాలి ఊరుకుంటాం. ఇక్కడ ముక్కూమొహం తెలియనివాళ్ళు వద్దంటే కోపగించుకున్నారు. "మా పులిహోర ఏటి పాపం సేసింది?" అని ఒకాయన నా వెనకాలే వచ్చి మరీ దొన్నె చేతిలో పెట్టాడు. కొండ చుట్టూ నడిస్తే పుణ్యం వస్తుందో లేదో గానీ బరువు మాత్రం తగ్గదు. ఇంకో కుర్రకారు గుంపు నొప్పుల మందు స్ప్రే డబ్బాలు పట్టుకుని, అడక్కుండానే కాళ్ళ మీద కొట్టేస్తున్నారు. నా చీర కుచ్చిళ్ళకు కూడా నొప్పి తగ్గిపోయింది.

ఒక బల్ల దగ్గర మంచినీళ్ళు ఇస్తున్న పెద్దాయన విశాఖ పాతబస్తీలో చెప్పుల దుకాణం నడుపుతాడట. తెల్లగడ్డం, తల మీద టోపీ, పక్కన ఇద్దరు కొడుకులు. నా సంగతి తెలిసి చాలా సంబరపడ్డాడు.

"ఈ రోజు మన బేరం బంద్ అమ్మా. ఎవరు కొంటారు? అందుకే షాపు మూసీసి ఏటా ఇక్కడే నిలబడతాను. రేపు సూడండి. దునియా మొత్తం మెత్తటి సెప్పుల కోసం మా ఈదిలోకే వత్తాది."

ఇద్దరం ఒకే వృత్తివాళ్ళం కాబట్టి, కాసేపు పక్కపక్కన నిలబడి, వచ్చేపోయే పాదాలను చూశాం. "అన్నీ ముందు ఎడల్పు" అన్నాడాయన. "సిన్నప్పట్నుంచి ఒట్టికాళ్ళతో తిరిగిన వేళ్ళు కదా." నేను తలూపి ఇంకో గ్లాసు నీళ్ళు తాగాను. ఆ మాట అప్పుడే చెవికెక్కించుకుని ఉంటే ఆ సాయంత్రం కొంత మర్యాద మిగిలేది.

జోడుగుళ్ళపాలెం

హనుమంతవాక దాటి సముద్రం దగ్గరికి వచ్చేసరికి బాగా పొద్దెక్కింది. బాపట్ల వైపు మా సముద్రం బల్లపరుపు మనిషి, ఒడ్డూ అంతే. ఇక్కడ కొండ నేరుగా వచ్చి నీళ్ళలో కాలు పెట్టింది. ప్రదక్షిణ చేసేవాళ్ళు ఇక్కడ మునగాలి. మునిగాం. అరికాళ్ళ పొక్కులకు ఉప్పునీళ్ళు తగిలాయి. నేను పిలిచిన గోవిందుడి పేరు ఆ ఒడ్డున అందరికంటే గట్టిగా వినిపించి ఉంటుంది.

తల తుడుచుకుంటుంటే ముత్యాలమ్మ గారు తన వాళ్ళందరినీ పిలిచి గంభీరంగా చెప్పింది. "మీరు నడుత్తుండండి. నాను ఈ సుగుణమ్మతో రేట్లు మాట్టాడుకుంటా ఎనకమాల వత్తాను. యాపారం మాటలు మీకెందుకు?"

ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని, "అలగేలే అమ్మా" అంటూ కదిలారు. మరీ అంత వినయంగా కదిలినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. నేను మాత్రం బేరం మొదలవుతోందని పొంగిపోయి, ధరలన్నీ మనసులో నెమరేసుకున్నాను.

వాళ్ళు జనంలో కలిసిపోయారు. ముత్యాలమ్మ గారు అటూ ఇటూ చూసి, తడి తువ్వాలు ముసుగేసుకుని, నా చెయ్యి పట్టుకుని పక్క సందులోకి లాగింది. సందు చివర పరదాలు దించిన ఆటో. లోపల నా బూట్ల సంచి. ముందు సీట్లో ఎర్రయ్య, ఎవరి పెళ్ళికో వచ్చినట్టు నవ్వుతూ.

"బేగి ఎక్కు" అంది.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. నేను ఎందుకు ఎక్కానని అడగొద్దు. నా కాళ్ళు నా అనుమతి తీసుకోలేదు.

మాధవధార సందు

పెద్ద రోడ్లన్నీ నడిచేవాళ్ళకు వదిలేశారు. ఎర్రయ్య మాత్రం ఎవరి పెరట్లోంచో, ఎవరి వంటింటి కిటికీ పక్కనుంచో బండి దూర్చాడు. ఒకచోట లాఠీ పట్టుకున్న మనిషి ఆపితే, "బావా, పెద్దావిడికి కళ్ళు తిరిగిపోనాయి" అన్నాడు. ముత్యాలమ్మ గారు వెంటనే కళ్ళు మూసుకుని నా భుజం మీద వాలింది. ఇంత పెద్ద నటి సిమెంటు దుకాణం మీద గదిలో ఎందుకు కూర్చుందో అనుకున్నాను.

ఎం.వి.పి. కాలనీ, వెంకోజీపాలెం, ఇసుకతోట ఇవన్నీ నేను పరదా సందులోంచి చూశాను. మీలో ఎవరైనా ఆ ప్రాంతాల విశేషాలు అడిగితే చెప్పగలిగింది ఒకటే. గోడలు బాగున్నాయి.

మాధవధారలో కొండ పక్కగా ఒక సందులో ఆటో ఆపి, ఎర్రయ్య టీ తేవడానికి వెళ్ళాడు. వాళ్ళు నడిచి అక్కడికి రావాలంటే ఇంకా చాలాసేపు పడుతుంది. ముత్యాలమ్మ గారు మోకాలు రెండు చేతులతో పట్టుకుని రుద్దుకుంటోంది. మోకాలు కొబ్బరికాయలా ఉబ్బి ఉంది. ఇప్పుడు నటన లేదు.

"రెండేళ్ళై ఇదే బాద" అంది. "మా ఆడోల కాళ్ళూ సేతులూ బాగుండాలి, అందరూ ఎలా ఎల్లినోలు అలా ఇంటికి రావాలని మొక్కుకున్నానమ్మా. ఏటా నడుత్తానని. మొక్కినప్పుడు మోకాలు బాగుండేది. కిందటేడు ఇక నావల్ల కాక ఈ ముక్క ఆటో ఎక్కీసినాను. నెల తిరక్కుండా పైడమ్మ కాలు నలిగిపోనాది."

నేను తడి తువ్వాలు మడిచి ఆ మోకాలి మీద వేశాను.

"నాను ఎగ్గొట్టిన ముక్కే దాని వేలు మీద పడ్డాదని నాకు తెలుసు. ఆళ్ళకి తెలీదు. ఈ ఏడు ఎలాగైనా నడుద్దారనుకున్నాను, కాలు రానంటంది. అందుకే బూట్లు కొందారని. అప్పన్నకి ఆ ముక్క మీద కోపం ఉన్నా, మద్దెన ఇనపమూత అడ్డుంటాది కదా."

దేవుడి కోపానికి, మనిషి వేలికి మధ్య నా బూటును నిలబెట్టిన కొనుగోలుదారు నాకు అంతకుముందెప్పుడూ దొరకలేదు. నవ్వు రావాల్సిన మాటే. కళ్ళు చెమర్చాయి. ఆ క్షణంలో ఆవిడ మీద నాకు చాలా ప్రేమ కలిగింది.

"ఎర్రయ్య చెప్పడా?" అన్నాను.

"అప్పన్న మీద ఒట్టేయించుకున్నాను. ఆడు సెప్పడు."

టీ తాగి, ఆవిడ కాసేపు గుర్రుపెట్టి నిద్రపోయింది. లేచాక కిందికి దిగి, కాలవ పక్క బురద తీసి మడమలకు రాసుకుంది. నాకూ ఒక దోసిలి ఇచ్చింది. "నువ్వూ రాసుకో. మరీ ఎక్కువ ఒద్దు, పొలం నుంచి వచ్చినట్టుంటాది." పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగిన సామెత చిన్నప్పటి నుంచి వింటున్నాను. దాని పక్కన కూర్చుని నేనూ ఓ గిన్నెడు తాగుతానని అనుకోలేదు.

ఎన్.ఎ.డి. కూడలి

కూడలి దగ్గర జనంలో దూరి మా వాళ్ళను పట్టుకున్నాం. ముత్యాలమ్మ గారే ముందు దబాయించింది. "ఏటే, ఇంత నెమ్మదిగా నడుత్తన్నారు? మేం ఎప్పుడో ఎనకనుంచి ముందుకొచ్చీసి ఇక్కడ నిలబడ్డాం!"

"నీతో మేం సాలగలమేటమ్మా" అంది పైడమ్మ. ఆవిడ కుంటుతోంది. మొహం వాడిపోయింది.

అక్కడి నుంచి గోపాలపట్నం మీదుగా కొండ దాకా అందరం కలిసే నడిచాం. ఈ ముక్క నేను నిజాయితీగా నడిచానని మనవి. నొప్పి మాత్రం ఎగ్గొట్టిన ముక్కది కూడా వసూలు చేసుకుంది. ఒకావిడ పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకున్నారు. పైడమ్మ భుజం నేను పట్టుకున్నానో, నా భుజం ఆవిడ పట్టుకుందో చెప్పలేను.

అనాసపళ్ళ బండి పక్కన

మళ్ళీ తొలిపావంచా దగ్గర కాయ కొట్టి, దణ్ణం పెట్టుకుని, రోడ్డు అవతల అనాసపళ్ళ బండి పక్కన కూలబడ్డాం. సింహాచలం అనాస ఒక్క ముక్క తింటే చాలు, మా ఊళ్ళో ఇంతకాలం ఆ పేరుతో ఏం తిన్నామా అనిపిస్తుంది. ఇరవై రూపాయలకు దొన్నె నిండా కోసి, ఉప్పూ కారం చల్లి ఇచ్చాడు. ఈ ఊళ్ళో కారం అడక్కుండా దొరికింది అక్కడే.

ఎర్రయ్య సంచి తెచ్చాడు. ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. ముత్యాలమ్మ గారు ఒక రాయి మీద కూర్చుని కాలు చాపింది. బురద తుడిచి, మేజోడు వేసి, బూటు తొడిగాను. వెన్నలో వేలు దిగినట్టు దిగింది.

"సూసినారేటే! ఇంత దూరం నడిసొచ్చిన కాలికి ఎలా పట్టీసిందో! సుగుణమ్మా, ఆర్డరు నీదే."

అందరూ చప్పట్లు కొట్టారు. నా గుండెల్లో మిషన్లన్నీ ఒక్కసారి తిరగడం మొదలుపెట్టాయి. రాజ్యానికి ఫోన్ చెయ్యాలని చెయ్యి సంచిలోకి వెళ్ళింది కూడా. అంతలో నా చూపు అలవాటు కొద్దీ కిందికి వెళ్ళింది. వరుసగా ఇరవై జతల పాదాలు. ఉబ్బి, ఎర్రబడి, వేళ్ళు విచ్చుకుని ఉన్నాయి. పైడమ్మ పాదం వెడల్పులో ముత్యాలమ్మ గారి పాదానికి ఒకటిన్నర రెట్లు ఉంది. నా బూటు ముందు భాగం సన్నం. నీళ్ళ బల్ల దగ్గర పెద్దాయన అన్న మాట అప్పుడు చెవికెక్కింది.

నోరు మూసుకుంటే ఆర్డరు నాది. కానీ ఈ బూట్లు కూడా మధ్యాహ్నానికల్లా గోడ పక్కకు చేరతాయి. నెల తిరక్కుండా లారీ ఎక్కి గుంటూరుకు తిరిగొస్తాయి. ఈలోగా ఇంకో ఇనపముక్క ఎక్కడ పడుతుందో ఎవరికి తెలుసు? తిట్టుకుంటూనే రెండో బూటు తీసి పైడమ్మ ముందు పెట్టాను.

"నువ్వూ ఒకసారి తొడుగు."

ముత్యాలమ్మ గారు నన్ను చూసిన చూపుకు అనాసపండు ఎండిపోవాల్సింది. పైడమ్మ కూర్చుని కాలు దూర్చింది. వేళ్ళు దిగాయి, ఆ పైన దిగలేదు. ఎర్రయ్య వచ్చి తోశాడు. ఇంకో ఇద్దరు పట్టుకుని లాగారు. బూటు రాలేదు, పోలేదు. చప్పట్లు ఆగిపోయాయి. నా గుండెల్లో మిషన్లూ ఆగిపోయాయి.

అప్పుడు ముత్యాలమ్మ గారు పెద్దగా దబాయించింది. "అదేటి? ఒకే సైజు కదా. మరి నా కాలికెలా పట్టీసింది?"

పైడమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఆగలేకపోయింది.

"ఆటోలో ఒచ్చిన కాలికి వాపేటొత్తాదమ్మా!"

ఇరవై మంది ఒక్కసారి నవ్వారు. ఒకావిడ నవ్వుతూ నవ్వుతూ అనాసబండిని పట్టుకుంది. బండివాడు కూడా, ఏం జరిగిందో తెలియకుండానే, నవ్వాడు. ముత్యాలమ్మ గారి మొహం దొంగకు తేలు కుట్టినట్టు అయింది. ఎర్రయ్య అప్పటికే ఆటో వెనక్కి చేరాడు.

"ఒరే ఎర్రయ్యా! అప్పన్న మీద ఒట్టేసినావు కదరా!"

"బయటోలకి సెప్పనని ఏసినానమ్మా. పెళ్ళాం బయటిదేటి?"

"కిందటేడే సెప్పీసినాడు" అంది పైడమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "మాకందరికీ తెలుసు. నువ్వు పడుకుని లేవాలి కదా అని మేం కూడా నెమ్మదిగా నడుత్తన్నాం. ఈ గుంటూరక్క కూడా మంచి జతే దొరికినాది నీకు!"

ఇరవై జతల కళ్ళు నా కాళ్ళ మీదికి తిరిగాయి. నేను బురద చూసుకున్నాను. మరీ ఎక్కువ రాసుకున్నట్టు అనిపించింది.

ముత్యాలమ్మ గారు నవ్వలేదు. బూటు విప్పి పక్కన పెట్టింది. "నవ్వండే, నవ్వండి" అంది. "నాను ఆ ముక్క ఎగ్గొట్టినాను కాబట్టే నీ ఏలు పోనాది పైడమ్మా. సంవత్సరం పొడుగునా అదే నా బుర్రలో తిరుగుతన్నాది."

నవ్వు ఆగిపోయింది. పైడమ్మ బూటు ఈడ్చుకుంటూనే వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది.

"ఓలమ్మ, ఇదేటి ఎర్రిమాట! నా ఏలు నీ ఆటో వల్ల పోలేదు. బూట్లు ఇప్పీసి గోడ పక్కనెట్టినాను కాబట్టి పోనాది. అయినా నీ ముక్క బాకీ ఎక్కడున్నాది? కిందటేడు బీచి కాణ్ణించి మాధవధార దాకా నీ పేరు సెప్పుకుని మనలో ఈ కొండమ్మ నడిసింది. ఈ ఏడు నాను నడిసీసినాను. ఆ ముక్క నాది కాదు, నీదే. నా ముక్కకి కొండమ్మ ముక్క, దాని ముక్కకి ఇంకోదాని ముక్క సర్దుకున్నాం. అప్పన్నకి లెక్క సరిపోనాది."

ముత్యాలమ్మ గారు పమిటతో మొహం కప్పుకుని చాలాసేపు తియ్యలేదు. నేను తిరుగు రైలు గురించి ఆలోచిస్తూ దొన్నెలో మిగిలిన అనాసముక్క తినేశాను. అంతలో ఆవిడ పమిట తీసి నా వైపు చూసింది.

"నువ్వు దానికి తొడక్కపోతే ఆర్డరు ఒచ్చీసును కదమ్మా. ఎందుకు తొడిగినావు?"

"తిరిగొచ్చే లారీకి కిరాయి నాదే కదండీ" అన్నాను. ఇంకేం చెప్పాలో తోచలేదు.

ఆవిడ పకపకా నవ్వింది. "ముందు దాని కాలు బయటికి తియ్యండి. రేపు మాటాడదారి."

పైడమ్మ కాలు రావడానికి పక్కనున్న బజ్జీల బండి వాడి దగ్గర నూనె అప్పు తెచ్చుకోవాల్సి వచ్చింది.

మళ్ళీ గాజువాక

మర్నాడు గోదాము పని దిగే వేళకు ముత్యాలమ్మ గారి ఆఫీసులో పాత పేపర్లు పరిచి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. ఒక్కొక్కరూ వచ్చి పాదం పెడితే చుట్టూ గీత గీశాను. సాయంత్రం కాళ్ళు, నిజం చెప్పే కాళ్ళు. చక్కిలిగిలికి ఒకావిడ కెవ్వున అరిచింది, కింద సిమెంటు దుకాణం వాడు పైకి పరిగెత్తుకొచ్చాడు. నా కాళ్ళు గుమ్మడికాయల్లా ఉన్నాయి కాబట్టి నేను కుర్చీలోంచి లేవలేదు. అరవై జతలు ఖాయం, నప్పితే మిగతా మేస్త్రీలకు తనే చెబుతానంది ముత్యాలమ్మ గారు. ఓడిపోతే పెడతానన్న చీర కూడా పెట్టింది. ఎందుకండీ అంటే, "ఓడిపోనావు కదా, బూటు దిగనేదు" అంది.

తిరుగు రైలెక్కే ముందు పాతబస్తీకి వెళ్ళి ఆ పెద్దాయన దుకాణంలో మెత్తటి చెప్పులు కొనుక్కున్నాను. చెప్పినట్టే వీధంతా జనం. నన్ను చూసి గల్లాపెట్టె దగ్గర నుంచే నవ్వాడు. తగ్గించమన్నా ఒక్క రూపాయి తగ్గించలేదు. వృత్తిధర్మం అంటే అదే.

ఇంటికొచ్చాక

కొత్త అచ్చులు చేయించి ముందు భాగం వెడల్పు పెంచాం. రాజ్యం ఆ పేపర్ల మీది పాదాలు చూసి, "ఇవి కాళ్ళా, అరిటాకులా?" అంది. షెడ్డుకు తాళం వెయ్యలేదు. శ్రావణమంతా మిషన్లు తిరిగాయి. కబుర్లు కుట్టే తీరిక ఎవరికీ లేదు. అరవై జతలతో పాటు ఇంకో జత అట్టపెట్టెలో పెట్టి, పైన ముత్యాలమ్మ గారి పేరు రాసి పంపాను.

సరుకు చేరిన రోజు ఫోన్ వచ్చింది. వెనకనుంచి ఆడవాళ్ళ మాటలు, బూట్ల చప్పుడు వినిపిస్తున్నాయి. పైడమ్మ పొద్దుట వేసుకున్నవి సాయంత్రం దాకా విప్పలేదట. గోడ పక్కన ఒక్క జత కూడా లేదట. చెప్పాల్సినవన్నీ చెప్పాక ముత్యాలమ్మ గారు గొంతు తగ్గించింది.

"అన్నీ బాగున్నాయి గాని సుగుణమ్మా, అందరియ్యీ ముందు ఎడల్పుగా ఉన్నాయి. నా జత ఒక్కటీ సన్నంగా ఉందేటి?"

"మీ కొలత ఆటోలో తీసుకున్నానండీ."

అవతల పైడమ్మ నవ్వు వినిపించింది. ఫోన్ స్పీకర్లో పెట్టారని అప్పుడు తెలిసింది.

"సరేలే" అంది ముత్యాలమ్మ గారు. "వచ్చే ఏడు పున్నానికి వత్తావా?"

"వస్తాను. కాకపోతే మీ ముక్క నడవడం వచ్చే ఏడు నా వంతు. ఎర్రయ్యకు ఆ మాట చెప్పండి, ఆటోలో నా సీటు ఎవరికైనా ఇచ్చెయ్యమనండి."